తూకానికి వేసే ముందు.. తాతగారి కారు కాగితాలు చూడండి

ఏలూరు: రైసుమిల్లు వెనుక రేకుల షెడ్డు. ఒక మూల ఊక బస్తాలు, మరో మూల కోళ్ల గంప, మధ్యలో నీలి పట్టా కప్పిన భారీ ఆకారం. పట్టా తొలగిస్తే గుండ్రని భుజాలతో అంబాసిడర్ కారు దర్శనమిస్తుంది. టైర్లలో గాలి లేదు. ముందు సీటులో ఎలుకలు గూడు కట్టుకున్నాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాల్లోనూ, కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లలోనూ పాత లోగిళ్లు ఉన్నచోట ఇటువంటి దృశ్యం వింతేమీ కాదు. ఒకప్పుడు పెళ్లికొడుకును ఊరేగించి, పురిటి నొప్పులతో ఉన్న ఆడపడుచును ఆసుపత్రికి చేర్చి, పుష్కరాలకు ఇంటిల్లిపాదినీ మోసుకెళ్లిన వాహనమది. పాత ఇనుము కొనే వ్యాపారి గుమ్మంలోకి వచ్చి "ఇచ్చేస్తారా అండీ" అని అడిగేదాకా దాని ఊసు ఇంట్లో ఎవరికీ పట్టదు.

అడిగిన రోజున మాత్రం బేరం త్వరగానే తెగుతుంది. పదిహేనేళ్లు దాటిన బండిని రోడ్డెక్కనివ్వరన్న అపోహ అందుకు ఒక కారణం. కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో తెలియకపోవడం మరో కారణం. వాస్తవానికి 1975 వరకు రిజిస్టరైన వాహనాలకు 2025 నాటికే యాభై ఏళ్లు నిండాయి. అటువంటి వాటికి కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రత్యేక హోదా కల్పించింది. ఆ హోదా దక్కాలంటే వాహనం అసలు రూపం మిగలాలి, దాని పత్రాలూ మిగలాలి. డెల్టాలో మొదటిదాన్ని తేమ తినేస్తుండగా, రెండోదాన్ని నిర్లక్ష్యం మింగేస్తోంది.

ఏది వింటేజ్?

వింటేజ్ అన్న మాటకు అన్నిచోట్లా ఒకే అర్థం లేదు. బ్రిటన్‌లో 1934లో ఏర్పడిన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ 1930 వరకు తయారైన కార్లకే ఆ పేరును పరిమితం చేసింది. అంతకన్నా పాతవి, అంటే 1905కు ముందు తయారైన వెటరన్ కార్లకు ఏటా నవంబరులో లండన్ నుంచి బ్రైటన్ వరకు యాత్ర జరుగుతుంది. అక్కడ వేగ పరిమితిని గంటకు నాలుగు మైళ్ల నుంచి పద్నాలుగు మైళ్లకు పెంచిన 1896 నాటి చట్టాన్ని స్వాగతిస్తూ మోటారు యజమానులు ఆ ఏడాది నవంబరు 14న తీసిన ఊరేగింపే దానికి మూలం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన కార్లను సాధారణంగా క్లాసిక్ అని పిలుస్తారు. ఆ లెక్కన మన అంబాసిడర్ క్లాసిక్ వర్గంలోకి వస్తుంది.

భారత నిబంధనలు ఈ తరగతుల జోలికి పోలేదు. తొలి రిజిస్ట్రేషన్ నాటి నుంచి యాభై ఏళ్లు దాటి, వ్యక్తిగత వినియోగంలో ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనం ఏదైనా వింటేజ్ మోటారు వాహనమే. కాబట్టి మైసూరులో తయారైన జావా మోటారు సైకిల్, మద్రాసులో తయారైన బుల్లెట్, మహీంద్రా జీపు.. వయసు నిండితే అన్నీ అర్హమైనవే. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో కొలువుదీరిన 1912 నాటి పసుపు పచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు, తాడేపల్లిగూడెం మిల్లులో మూలుగుతున్న 1974 నాటి అంబాసిడర్‌కు వయసు విషయంలో వర్తించే గీత ఒక్కటే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన ఆ రోల్స్ రాయిస్‌కు కాపలా ఉంది. మిల్లులోని కారుకు లేదు.

పంటు మీద దాటిన రోజులు

డెల్టాలో కారు కథ నదులతోనూ కాల్వలతోనూ ముడిపడి ఉంది. మద్రాసు-కలకత్తా ట్రంకు రోడ్డు ఏలూరు మీదుగా పోతున్నా, ఇటు కృష్ణ, అటు గోదావరి అడ్డు. 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తయ్యాకే కృష్ణ మీదుగా కార్లకు రోడ్డు దారి ఏర్పడింది. గోదావరి వైపు మరింత ఆలస్యమైంది. 1974లో కొవ్వూరు-రాజమండ్రి మధ్య రోడ్డు కం రైలు వంతెన వచ్చేవరకు అక్కడ కారు అవతలి గట్టుకు చేరడం రేవు మీద ఆధారపడిన వ్యవహారమే. పంటు కోసం ఎదురుచూసిన గంటలను పాత తరం డ్రైవర్లు కథలుగా చెప్పుకొనేవారు. కొల్లేటి లంకల సంగతి సరేసరి. అక్కడ దోనెలే వాహనాలు. కారున్న ఆసామి సైతం గట్టున బండి ఆపి దోనె ఎక్కవలసిందే.

తాడేపల్లిగూడెంది వేరే చరిత్ర. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ విమానాల కోసం రన్‌వే నిర్మించింది. యుద్ధం ముగిశాక సైన్యానికి మిగిలిపోయిన జీపులు, ట్రక్కులు దేశంలో పలుచోట్ల వేలంలో ప్రైవేటు వ్యక్తుల చేతికి వచ్చాయి. మరోవైపు 1940ల చివర మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పు ప్రారంభించింది. బురదలో కూరుకుపోకుండా నాలుగు చక్రాలతోనూ లాగగల ఆ బండి చేల గట్లకూ, తర్వాతి కాలంలో చేపల చెరువుల గట్లకూ సరిగ్గా సరిపోయింది. అదే విమానాశ్రయ భూముల్లో ఇప్పుడు 2015లో మంజూరైన నిట్ ఆంధ్రప్రదేశ్ ఉంది. మెకానికల్ ఇంజినీరింగ్ చదివే విద్యార్థులకు కూతవేటు దూరంలోనే యుద్ధకాలపు ఇంజిన్లు తుప్పుపడుతున్నాయన్నమాట. వాటి వివరాలు నమోదు చేయడం ఒక మంచి ప్రాజెక్టు కాగలదు.

కార్ల విషయానికొస్తే ఈ ప్రాంతపు షెడ్లలో ఎక్కువగా బయటపడేవి మూడు రకాలు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారు చేసినవి మొదటి రకం. 1954లో వచ్చిన ల్యాండ్‌మాస్టర్, ఆ దశాబ్దం చివర మొదలై 2014 మే వరకు కొనసాగిన అంబాసిడర్ ఈ కోవలోవి. అంబాసిడర్లలో మార్క్-3 మోడల్ 1975లో, మార్క్-4 మోడల్ 1979లో వచ్చాయి. అందువల్ల మార్క్-2, అంతకు ముందటివి అయితే యాభై ఏళ్ల గీత దాటినట్టే భావించవచ్చు. బొంబాయిలో ప్రీమియర్ సంస్థ తయారు చేసిన ఫియట్ 1100 రెండోది. దీనికే 1970లలో పద్మిని అని పేరు మారింది. తొలి మోడళ్లలో ముందు తలుపులు వెనుక వైపు నుంచి తెరుచుకోవడం దీని గుర్తు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మూడోది. దీని బానెట్టు మొత్తం ముందుకు వాలుతుంది. ఇంజిను చుట్టూ నిలబడి పని చేసుకోవచ్చు కనుక మెకానిక్‌లకు ఇష్టమైన కారు.

పదిహేనేళ్ల భయం

పదిహేనేళ్లకే కారు తుక్కు అన్న ప్రచారం ఢిల్లీ నుంచి వచ్చింది. కాలుష్యం కారణంగా దేశ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలపై జాతీయ హరిత ట్రైబ్యునల్, సుప్రీంకోర్టు ఆంక్షలు విధించాయి. అవి ఆ ప్రాంతానికే పరిమితం. ఆంధ్రప్రదేశ్‌లో సొంత వాహనానికి పదిహేనేళ్లు నిండాక సామర్థ్య పరీక్ష చేయించి, రుసుము చెల్లించి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. 2021 ఆగస్టులో ప్రకటించిన తుక్కు విధానం సైతం పరీక్షలో నిలవని వాహనాలను ఉద్దేశించినదే. అందులోనూ వింటేజ్ వాహనాలకు మినహాయింపు ఉంది. పెరిగినది రుసుమే. కారు రిజిస్ట్రేషన్ పొడిగింపునకు రూ.600 ఉన్న రుసుమును 2022 ఏప్రిల్ నుంచి రూ.5 వేలు చేశారు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దీన్ని రూ.10 వేలకు పెంచారు.

యాభై ఏళ్లు దాటిన కారు యజమాని ముందు ఇప్పుడు రెండు దారులున్నాయి. మామూలు రిజిస్ట్రేషన్‌నే పొడిగించుకుంటూ పోవడం ఒకటి. ఇందులో బండిని ఎప్పుడైనా ఎక్కడికైనా తిప్పుకోవచ్చు. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన 81ఎ, ఆపై నిబంధనల కింద వింటేజ్‌గా నమోదు చేయించడం రెండోది. ఇందుకు ఫారం 20లో దరఖాస్తు చేయాలి. బీమా పత్రం, పాత ఆర్‌సీ జతపరచాలి. విదేశాల నుంచి తెచ్చినదైతే కస్టమ్స్ పత్రం కావాలి. కొత్త నమోదుకు రుసుము రూ.20 వేలు, పదేళ్ల తర్వాత పునరుద్ధరణకు రూ.5 వేలు. రాష్ట్ర స్థాయిలో నియమించిన కమిటీ వాహనాన్ని పరిశీలించి అర్హత నిర్ణయిస్తుంది. కొత్తగా నమోదయ్యే వాటికి రాష్ట్ర సంకేతం తర్వాత 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. ఇదివరకే రిజిస్టరైన వాహనం తన పాత నంబరును అట్టిపెట్టుకోవచ్చు. 1989కి పూర్వపు మూడక్షరాల నంబరు మీద మమకారం ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

అయితే రెండో దారికి ఒక కట్టడి ఉంది. వింటేజ్‌గా నమోదైన వాహనాన్ని నిత్యావసరాలకు, వ్యాపారానికి తిప్పరాదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం నింపుకోవడం, మరమ్మతులు.. ఈ పనులకే రోడ్డెక్కాలి. వారానికోసారి భీమవరం వెళ్లి చుట్టాలను చూసి రావాలనుకునే వారికి మొదటి దారే నయం. ఏడాదికి రెండుసార్లు మాత్రమే బయటకు తీసే అపురూప వాహనానికి రెండోది తగినది.

చాలామందికి అడ్డు తగిలేది ఇంతకన్నా ముందున్న మెట్టు. కారు తాతగారి పేరిట ఉంటుంది. ఆయన కాలం చేసి ఇరవై ఏళ్లవుతుంది. వారసుల్లో ఒకరు అమెరికాలో, ఒకరు హైదరాబాదులో ఉంటారు. యజమాని మరణిస్తే మూడు నెలల్లోగా ఫారం 31 ద్వారా వారసుల పేరిట మార్పు కోరాలన్నది నిబంధన. ఆలస్యానికి అపరాధ రుసుము పడుతుంది. మిగిలిన వారసుల సమ్మతి పత్రాలు తేవాలి. ఆర్‌సీ పోతే పోలీసు ఫిర్యాదు నకలుతో ఫారం 26 కింద నకలు ఆర్‌సీ అడగాలి. ఇదంతా తిరుగుడే అయినా ఇంజిను నంబరు, ఛాసిస్ నంబరు రికార్డుతో సరిపోలినంత కాలం దారి ఉంటుంది. సరిపోలకపోతేనే చిక్కు. అందుకే అనుభవజ్ఞులు టింకరు దగ్గరికి పోయే ముందు నంబరు పలకలపై మట్టి తుడిచి ఫొటో తీసి పెట్టుకోమంటారు. తుప్పుపట్టిన పలకను గీకి శుభ్రం చేయబోయి అంకెలు చెరిపేసుకున్నవారూ లేకపోలేదు.

డెల్టాకు ప్రత్యేకమైన మరో సమస్య డీజిల్ ఇంజిన్ల మార్పిడి. 1980లలో పెట్రోలు ఖర్చు భరించలేక జీపులకు, అంబాసిడర్లకు మెటడోర్ వంటి డీజిల్ ఇంజిన్లు బిగించడం సాధారణమైపోయింది. ఆనాటి అవసరాన్ని తప్పుపట్టలేం. క్యూబాలో 1950ల నాటి అమెరికన్ కార్లు నేటికీ తిరుగుతున్నది ఇటువంటి సర్దుబాట్లతోనే. అయితే ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో గణనీయమైన మార్పులు చేసిన వాహనం వింటేజ్ నిర్వచనంలోకి రాదని నిబంధన చెబుతోంది. తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. షెడ్డు మూలలో పడేసిన అసలు పెట్రోలు ఇంజినును ఇనుముకు అమ్మకుండా ఉంచినవారు అదృష్టవంతులు.

ఈ 'అసలు రూపం' నియమంలో ఒక తిరకాసు కూడా ఉంది. తెలుగువారికి అందరికన్నా బాగా తెలిసిన పాత వాహనం చైతన్యరథం. 1982లో తెలుగుదేశం పార్టీ స్థాపించిన ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యానును ప్రచార రథంగా మలిపించుకొని రాష్ట్రమంతా పర్యటించారు. ఆ వాహనం విలువ అంతా ఆ మార్పులోనే ఉంది. దాన్ని తిరిగి కంపెనీ వ్యానుగా మారిస్తే మిగిలేది ఏమీ ఉండదు. పెళ్లిళ్లకు పైకప్పు కోసేసిన జీపుకు, రామారావు రథానికి నిబంధన తేడా చూపకపోవడం ఆలోచించదగినదే.

తేమే ప్రథమ శత్రువు

కొల్లేరు పరిసరాల్లో కారును చంపేది కిలోమీటర్లు కావు, గాలిలోని తేమ. నైరుతి వానలు వెళ్లేసరికి ఈశాన్య వానలు అందుకుంటాయి. చుట్టూ వరిచేలు, చేపల చెరువులు. వేసవిలో ఉప్పుటేరు మీదుగా సముద్రపు నీరు ఎగదన్నితే ఉప్పదనం తోడవుతుంది. అంబాసిడర్‌కు లారీలా విడిగా ఛాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కింది గుల్ల దూలాలు, పైకప్పు కలిసి ఒకే పెట్టెలా బరువు మోస్తాయి. అందువల్ల తలుపు కింది భాగం తుప్పుపట్టడం అందానికి సంబంధించిన విషయం ఎంతమాత్రం కాదు. ఆ దూలం మెత్తబడితే కారు నడుము వంగుతుంది. తలుపు తెరిచినప్పుడు కిందికి జారి, మూసేటప్పుడు ఎత్తి వేయవలసి వస్తోందంటే నడుము వంగినట్టే. జీపుకు, హెరాల్డ్‌కు విడి ఛాసిస్ ఉంటుంది కనుక పై రేకు పోయినా ఎముకల గూడు మిగులుతుంది.

మనవాళ్లు మమకారంతో చేసే పనే ఎక్కువ నష్టం తెస్తోంది. ప్లాస్టిక్ పట్టా కప్పి తాళ్లతో బిగించేస్తారు. పగటి వేడికి నేలలోని తేమ ఆవిరై పట్టా లోపలి వైపు చెమటలా పట్టి, రాత్రికి రేకు మీద కారుతుంది. బయట వానలో నిలిపిన కారు ఎండకు ఆరుతుంది గానీ పట్టాలోని కారు ఎన్నటికీ ఆరదు. ఊక దుమ్ము తేమను పట్టి ఉంచుతుంది. కాళ్ల కింద పరిచిన గోనె, రబ్బరు పట్టాల అడుగున నేల రేకు జల్లెడగా మారుతుంది. మందపాటి నూలు గుడ్డ కప్పడం, నాలుగు వైపులా గాలి ఆడనివ్వడం, కాళ్ల కింది పట్టాలు తీసేయడం, ఇటుక దిమ్మెలపై బండిని లేపి టైర్ల మీద బరువు తగ్గించడం, బ్యాటరీ విప్పి ఉంచడం.. వీటికయ్యే ఖర్చు ఒక పూట భోజనానికి మించదు.

ముంపు వస్తే వేరే జాగ్రత్తలు అవసరం. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు ఉప్పొంగి విజయవాడను ముంచి, ఆ నీరంతా కొల్లేటికి చేరినప్పుడు తెలిసివచ్చిన పాఠం ఒకటే: నీట మునిగిన బండికి తాళం తిప్పకూడదు. సిలిండరులో నీరుంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు ప్లగ్గులు విప్పాలి. ఇంజిను, గేరుబాక్సు, వెనుక ఇరుసులోని ఆయిల్ మొత్తం దించేయాలి. పెట్రోలు ట్యాంకు ఖాళీ చేయాలి. బ్రేకు డ్రమ్ములు విప్పి మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. ఇవి నాలుగు రోజుల్లో జరిగితే కారు బతుకుతుంది. బీమా కోసమో, మెకానిక్ కోసమో నెల రోజులు ఆగితే డ్రమ్ములు పట్టేస్తాయి.

రేకు పని, రంగు పని

పాత కారును తిరిగి నిలబెట్టడంలో ఎక్కువ కాలం, ఎక్కువ సొమ్ము తినేది రేకు పనే. పాత తరం టింకర్లు సుత్తి, దిమ్మె పట్టుకొని సాదా రేకు నుంచి మడ్‌గార్డు వంపు తీయగలిగేవారు. గుంతలు పడినచోట సీసం కరిగించి నింపి, ఆకురాయి పట్టేవారు. ఇప్పటి వర్క్‌షాపుల్లో దెబ్బతిన్న భాగం తీసి కంపెనీ నుంచి కొత్తది తెచ్చి బిగించడమే పని. కొత్త భాగమే దొరకని కారుకు ఆ పద్ధతి కుదరదు. తుప్పుపట్టిన భాగాన్ని ఆరోగ్యంగా ఉన్న రేకు వచ్చేదాకా కోసి, అదే మందం రేకు అతికి, లోపలి గుల్లలో తుప్పు నివారక రంగు పోయాలి. పైన పుట్టీ మెత్తి రంగు కొడితే ఏడాదికల్లా బుడగలు లేస్తాయి. తళతళలాడే రంగు చూసి మోసపోయి కొన్నవారు అయస్కాంతం వెంట తీసుకెళ్లడం తర్వాత నేర్చుకున్నారు. పుట్టీ మందంగా ఉన్నచోట అయస్కాంతం నిలవదు.

ఏలూరు నుంచి అరవై కిలోమీటర్ల దూరంలోని విజయవాడ ఆటోనగర్ ఈ విషయంలో డెల్టాకు కొండంత అండ. 1960లలో రూపుదిద్దుకున్న ఈ పారిశ్రామికవాడలో లేత్ పని, బోరింగ్, బస్సు బాడీల నిర్మాణం, రేడియేటర్ల అతుకులు, సీట్ల కుట్టు అన్నీ ఒకచోటే దొరుకుతాయి. పిస్టన్ దొరకకపోతే దగ్గరి కొలతది తెచ్చి లేత్ మీద సరిచేసే పనివారు అక్కడ ఉన్నారు. అయితే వారి పిల్లలు ఆ పనిలోకి రావడం లేదు. సుత్తి మోతలోంచి వంపు తీసే విద్య పుస్తకాల్లో లేదు. పక్కన నిలబడి చూసినవారికే వస్తుంది.

విప్పేటప్పుడు చేసే తప్పులు తర్వాత దిద్దుకోలేనివి. ప్రతి భాగాన్ని ఫొటో తీయాలి. మరలు, నట్లు విడివిడి సంచుల్లో వేసి పేర్లు రాయాలి. మీటర్లు, స్టీరింగు, తలుపు పిడులు, లైట్ల చుట్టూ ఉండే క్రోమ్ రింగులు ఎంత చెడినా పారేయరాదు. కొత్తవి మెరుస్తాయి గానీ అచ్చం అలాంటివి దొరకవు. ప్రపంచంలోని పాత వాహనాల సంఘాల సమాఖ్య ఫివా 1966లో ఏర్పడింది. అది ఆమోదించిన టురిన్ పత్రం కూడా ఇదే మాట చెబుతుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటానికి మొదటి స్థానం. కొత్తగా చేయడం ఆ తర్వాతే. పాత రంగు అక్కడక్కడా వెలిసినా నిలిచి ఉంటే, దాన్ని గీకి కొత్త రంగు కొట్టవలసిన అగత్యం లేదు. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే ఉద్దేశంతో తెల్లని పాత కారుకు ఎర్ర రంగు, వెడల్పు చక్రాలు తగిలించడం ఇటీవలి వేలంవెర్రి. చూడటానికి బాగుండవచ్చు. వింటేజ్ కమిటీ ముందు మాత్రం అది ప్రతికూలమే.

ఇంజిను మేల్కొలుపు

ఏళ్ల తరబడి నిలిచిన ఇంజినును బ్యాటరీ పెట్టి తిప్పడం మొదటి పొరపాటు. పిస్టన్ రింగులు సిలిండరు గోడకు అతుక్కొని ఉంటాయి. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో పల్చటి నూనె పోసి కొన్ని రోజులు నాననివ్వాలి. తర్వాత హ్యాండిల్‌తో చేతి బలం మేరకు అటూ ఇటూ కదపాలి. కదిలితే సగం గెలిచినట్టే. ఆ తర్వాత జిగురుగా మారిన పాత పెట్రోలు తీసేయడం, కార్బొరేటర్ విప్పి కడగడం, డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు గీకి దూరం సరిచేయడం, రేడియేటర్‌లోని మడ్డి తీయడం. కొన్ని పాత బ్రిటిష్ తరహా కార్లలో బ్యాటరీ పాజిటివ్ తీగ బాడీకి కలిపి ఉంటుంది. ఇప్పటి అలవాటు ప్రకారం నెగెటివ్ కలిపితే కొన్ని పరికరాలు దెబ్బతింటాయి. ఇంజిను కన్నా ముందు చూడవలసినవి బ్రేకులు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. లోపలి నుంచి తుప్పుపట్టిన గొట్టం పైకి చక్కగానే కనిపిస్తుంది.

పెట్రోలు మారిపోవడం మరో చిక్కు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. పాత ఇంజిన్లలో వాల్వులు కూర్చునే చోటును కాపాడింది ఆ సీసమే. హెడ్డు విప్పిన సందర్భంలో గట్టి లోహపు వాల్వు సీట్లు వేయిస్తే ఈ బెడద తీరుతుంది. 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దేశమంతటా వచ్చింది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను, బెండు వాషర్లను మెత్తబరుస్తుంది. నీటిని పీల్చుకొని ట్యాంకు అడుగున తుప్పు పెంచుతుంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు మార్చడం, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకపోవడం ఇప్పుడు తప్పనిసరి. గొట్టం పగిలి వేడి ఇంజిను మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఒక్కరి వల్ల అయ్యేది కాదు

ఫియట్ గేరు లివరు కడ్డీ ఒకటి కావాలంటే చెన్నై పుదుప్పేట, సికింద్రాబాదు రాణిగంజ్, ఢిల్లీ మాయాపురి గాలించవలసి వస్తుంది. అదే నలుగురు ఔత్సాహికుల పరిచయం ఉంటే ఒకరి దగ్గర అదనంగా ఉన్నది మరొకరికి చేరుతుంది. పాత కార్ల సంఘాలు పుట్టినదే ఈ అవసరంలోంచి. స్టేట్స్‌మన్ పత్రిక ఢిల్లీలో 1964లోనూ, కలకత్తాలో 1968లోనూ పాత కార్ల ర్యాలీలు ప్రారంభించింది. హైదరాబాదులో దక్కన్ హెరిటేజ్ ఆటోమొబైల్ అసోసియేషన్, చెన్నైలో మద్రాస్ హెరిటేజ్ మోటరింగ్ క్లబ్ ఇదే బాటలో నడిచాయి.

తెలుగువారి కోణంలో చెప్పుకోవలసింది కోయంబత్తూరు. అక్కడి తెలుగు కుటుంబంలో 1893లో జన్మించిన జి.డి.నాయుడు 1920లో ఒక్క బస్సుతో పొళ్లాచ్చి-పళని మధ్య రవాణా ప్రారంభించి, పెద్ద సంస్థగా ఎదిగారు. ఇంజిన్లను విప్పి అర్థం చేసుకోవడం ఆయనకు జీవితాంతం వీడని అభిరుచి. ఆయన పేరిట నడిచే ధర్మసంస్థ 2015లో అక్కడ జీడీ కార్ మ్యూజియం తెరిచింది. 1886 నాటి బెంజ్ మూడు చక్రాల బండి నమూనా మొదలుకొని ఎన్నో కార్లు అందులో ఉన్నాయి. ఒక్క బస్సు యజమాని ఆసక్తి ఒక ఊరికి మ్యూజియంగా మిగిలింది. ఎన్నో రైసుమిల్లులు, లారీ యజమానులు ఉన్న గోదావరి డెల్టాలో అటువంటిది ఒక్కటీ లేకపోవడం లోటే.

సంఘం పెట్టనక్కర్లేదు. నెలకొక ఆదివారం నాలుగు బళ్లు ఒకచోట చేరినా పని జరుగుతుంది. ఎవరి కారు ఎక్కడ కారుతోందో పక్కవాడి కంటికే ముందు కనబడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, నడవని కారు మళ్లీ పట్టేస్తుంది. నెలకోసారి షెడ్డులోనే ఐదు నిమిషాలు ఇంజిను ఆడించి ఆపేయడం మేలుకన్నా కీడే చేస్తుంది. చల్లని ఇంజినులో పుట్టిన నీటి ఆవిరి సైలెన్సరులో, ఆయిల్‌లో నిలిచిపోతుంది. కనీసం అరగంట నడిచి, అంతా వేడెక్కితేనే ఆ తేమ బయటకు పోతుంది.

ఆ అరగంటకు ఏలూరు నుంచి కైకలూరు వైపు కొల్లేటి మీదుగా సాగే రోడ్డును మించినది లేదు. డిసెంబరు, జనవరి ఉదయాల్లో ఎండ ముదరకముందు బయల్దేరితే రేడియేటర్ మరగదు. కైకలూరు సమీపంలోని ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు కనువిందు చేస్తాయి. మంచు పట్టిన రోజుల్లో మాత్రం ఆగడం మంచిది. పాత లైట్ల వెలుతురు చాలదు, డ్రమ్ము బ్రేకులు లారీ ముందు హఠాత్తుగా నిలపవు. టైర్లు పైకి గీతలు అరగకపోయినా పక్క గోడలు పగిలి ఉంటే మార్చాలి. అంబాసిడర్‌కు వేసే 5.90-15 సైజు టైరు అన్ని దుకాణాల్లోనూ ఉండదు కనుక ముందే తెప్పించుకోవాలి. తిరిగి వచ్చాక చక్రాల పైగుల్లల్లో పట్టిన చెరువు గట్టు మట్టిని మంచినీటితో కడిగి, ఇంజిను వేడి తగ్గక ముందే ఎండలో ఆరబెట్టి, ఆ తర్వాతే నూలు గుడ్డ కప్పాలి.